ఉయ్యాల దగ్గర పాడిన శుక్రవారం

నాకు చదువు రాదు. సంతకం పెట్టడం వచ్చు, గడియారం చూడటం వచ్చు. ఆ గడియారం చూడటం కూడా రాకపోయి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఖతార్‌లో మాకొక మేళం ఉండేది. పెళ్ళిళ్ళలో బూరలూదే మేళం కాదు. నలుగురం చాప మీద కూర్చుని వాయిస్తూ పాడేవాళ్ళం. మా ఆయనది బుల్‌బుల్. అది తీగల పెట్టె. ఎడమచేత్తో బొత్తాలు నొక్కుతూ కుడిచేత్తో తీగలు మీటాలి. ఊళ్ళో భజన మండలిలో నేర్చుకున్నాడు. హార్మోనియం పెద్దన్నది. పెద్దన్న అంటే నాకు తోడబుట్టినవాడు కాదు. మా పక్క మండలం మనిషి, మా ఆయన పనిచేసే కంపెనీలోనే ఫోర్‌మన్. వయసులో పెద్ద, అందుకని క్యాంపులో అందరికీ పెద్దన్నే. డోలక్ కొట్టేవాడు పికప్ నడిపే డ్రైవరు. నన్ను వదినె అనేవాడు. ఇక పాడేది నేను. నా గొంతు తియ్యటిది కాదు, బొంగురు. కానీ దూరం పోతుంది. మైకు పోయిన రోజున కూడా నా పాట ఆగేది కాదు.

మా ఆయన సలాకలు కట్టే పని చేసేవాడు, స్టీల్ ఫిక్సర్ అంటారు. ఉండేది మెసైమీర్ అవతల క్యాంపులో, గదికి పది మంది. ఆడమనిషిని ఆ గేటు దాటనివ్వరు. నేను అల్ మన్సూరాలో ఒక ఆంధ్ర ఇంజనీరు గారింట్లో వంటపని చేసేదాన్ని. వంటింటి పక్కన మంచం పట్టేంత గది ఇచ్చారు. అక్కడికి మగమనిషి రాకూడదు. ఒకే ఊళ్ళో ఉన్నాం మొగుడూ పెళ్ళాం, తల దాచుకోవడానికి ఇద్దరికీ కలిపి ఒక గోడ లేదు. వారానికి ఒక్క శుక్రవారం నాకు సెలవు, ఆయనకూ సెలవు. ఆ పూట ఎక్కడ కూర్చోవాలి? పార్కులో ఎండ. అంగళ్ళ ముందు నిలబడితే జనం చూపులు. మేళం ఉన్న రోజున మాత్రం చాప మీద ఇద్దరం పక్కపక్కన కూర్చునేవాళ్ళం, మోకాలికి మోకాలు తగిలేటట్టు. పేరు కోసం పాడానని కొందరన్నారు, తిండి కోసమని కొందరన్నారు. నేను ఆయన పక్కన కూర్చోడానికి పాడాను. అదే మా కాపురం.

ఆ రోజుల్లో ఖతార్ అంతా తవ్వుతున్నారు, కడుతున్నారు. లుసైల్ అని కొత్త పట్టణం ఇసుకలోంచి లేస్తోంది. మనుషులు చాలక విమానాల నిండా తెచ్చి దించుతున్నారు. జనం వచ్చినకొద్దీ వాళ్ళ వేడుకలూ వచ్చాయి. స్కూలు మైదానంలో బతుకమ్మ, ఫ్లాట్లలో సత్యనారాయణ వ్రతాలు, విల్లాల్లో పుట్టినరోజులు, బారసాలలు. అన్నింటికీ మమ్మల్ని పిలిచేవారు. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే మా అత్త అయితే నేను దుబాయ్‌లో పాటలు పాడే కొలువు చేస్తున్నానని ఊరంతా చెప్పింది.

శ్రుతి చూసుకునేటప్పుడు మా ఆయన నన్ను గిల్లేవాడు.

"ఏందే, గొంతు గరగర అంటుంది? మీ మేడమ్ ఇంట్ల ఉల్లిగడ్డలు పొట్టుతోనే మింగుతున్నవా?"

"నీ పెట్టె తీగ తుప్పు పట్టింది, నా గొంతునంటవేంది?"

"కొట్లాడుకోర్రి, మంచిగ కొట్లాడుకోర్రి," అనేవాడు డోలక్ తమ్ముడు. "పెద్దన్నా, వీళ్ళు వారం మొత్తం దాసుకొని ఇయ్యాలనే తిట్టుకుంటరు. మనకేమో ఫులూస్ మాఫీ, పైసల్ లేవు, పులిహోర మస్తు."

పెద్దన్న నవ్వేవాడు కాదు. హార్మోనియం మీద చెయ్యి వేసి, "యల్లా, మొదలువెట్టుర్రి," అనేవాడు.

ఆయన గురించి ఇంకొక మాట చెప్పాలి. క్యాంపులో ఎవరైనా పోతే ఊరికి ఫోన్ చేసేది పెద్దన్నే. చావు కబురు మా వాళ్ళు ఒక్కసారిగా చెప్పరు. ముందు ఒంట్లో బాగోలేదంటారు. తెల్లారి హాస్పిటల్లో చేర్చామంటారు. ఆ తెల్లారి ఇంటికి పంపిస్తున్నామంటారు. శవం ఉన్న పెట్టె ఊరు చేరేసరికి ఇంటివాళ్ళకు అర్థమైపోయి ఉంటుంది. ఒకసారి నా చేత కూడా చెప్పించాడు. ఆడగొంతు అయితే మెత్తగా ఉంటుందన్నాడు. నేను ఎవరో ముఖం తెలియని అమ్మాయితో, "మీ ఆయనకు కాలికి దెబ్బ తాకింది బిడ్డా, పంపుతున్నరు," అన్నాను. అప్పటికి ఆ మనిషి పోయి రెండు రోజులు. అందుకే మా దేశం కాని దేశంలో, ఫలానా వాడు హాస్పిటల్లో ఉన్నాడని ఎవరైనా ఫోన్లో చెబితే, మా వాళ్ళు లోపల ఒక్కటే అనుకుంటారు. అయిపోయిందని.

ఆ శుక్రవారం ఒక విల్లాలో బారసాల. వాళ్ళది రాజమండ్రి వైపు. ఆ అమ్మకు రెండుసార్లు కడుపు పోయి, మూడోసారి ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాలలో వేసేటప్పుడు అచ్చంగా మన ఊరి పాటలే కావాలని మమ్మల్ని పిలిచింది. మా ఆయన రాలేదు. లుసైల్‌లో కాంక్రీటు పోసే పని ఉందని, అంతకు ముందే సలాకల కట్టు పూర్తి కావాలని శుక్రవారం కూడా డ్యూటీ వేశారు. ముందు రోజు ఫోన్లో కోపం చేశాను. "నువ్వు పాడు, వచ్చే వారం వస్త," అన్నాడు. బుల్‌బుల్ లేకుండానే ముగ్గురం వెళ్ళాం.

చాప పరిచాం. పసుపు కుంకుమ పళ్ళెం వచ్చింది, ముత్తైదువలందరికీ బొట్లు పెడుతున్నారు. నాకూ పెట్టారు. అప్పుడే పెద్దన్న ఫోను మోగింది. వరండాలోకి పోయి మాట్లాడి వచ్చాడు. గోడ మీద గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది.

"ఎవరన్నా?"

"క్యాంప్‌కెల్లి. నీళ్ళ ట్యాంకర్ రాలేదట."

హార్మోనియం ముందు కూర్చున్నాడు గానీ కాసేపు దాని గాలితిత్తి కదపలేదు. నేనేమో పిల్ల తల్లి చీర వైపు చూస్తున్నాను. ఆ రంగు నాకు చాలా నచ్చింది. ఇంకేమీ పట్టించుకోలేదు.

ఆ ఫోన్లో మా ఆయనతో పనిచేసే అతను చెప్పింది ఇదీ అని నాకు తర్వాత తెలిసింది: ఎండకు పడిపోయిండు, హాస్పిటల్ల ఏసినం, వదినెను తీస్కోని జెల్ది రా. అతను ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. పెద్దన్న మాత్రం మా అలవాటు ప్రకారం విన్నాడు. పోయాడనే అనుకున్నాడు. పోయినవాడికి తొందర ఏముంది? పసుపు కుంకుమ పళ్ళెం లేచాక హారతి పడేదాకా చావు కబురు ఎత్తకూడదని కూడా మా దగ్గర ఉంది. పైగా, ఈమె నొసట ఇంకో రెండు గంటలు బొట్టు ఉండనీ అని దయ తలిచాడు. అది దయే. ఆ మాట నేను ఈ రోజుకీ కాదనలేను.

రెండుంబావుకు పిల్లను ఉయ్యాలలో వేశారు. నేను జోల పాడాను. ఆ తర్వాత వరసగా పాడుతూనే ఉన్నాను. ఆ రోజు గొంతు ఎంత బాగా పలికిందో చెప్పలేను. హారతి అయిపోయింది. ఒక ముసలావిడ ఇంకొక్క పాట అని అడిగింది. పెద్దన్న నా ముఖంలోకి చూసి, "పాడు చెల్లె, తొందరేం లేదు," అన్నాడు. ఒకటి అడిగితే రెండు పాడాను.

పికప్ ఎక్కాక చెప్పాడు. అది కూడా మెట్లు మెట్లుగానే. "తమ్ముడికి ఒంట్ల బాగలేదట, హాస్పిటల్ పోదాం," అన్నాడు. నేనూ ఆ అలవాటులో పుట్టినదాన్నే. ఆ మాటతోనే కొంగు నోట్లో కుక్కుకున్నాను.

హాస్పిటల్ గార్డు ఒక్కరినే పంపుతానన్నాడు. పెద్దన్న, డోలక్ తమ్ముడు బయట ఆగిపోయారు. లోపల మలయాళీ నర్సు నా పేరు, ఆయన పేరు అడిగింది. ఆ తర్వాత హిందీలో, "ఇంతసేపూ ఎక్కడున్నావమ్మా?" అంది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది. మూడు ఇరవై దాకా ఉన్నాడట. మధ్యలో రెండుసార్లు తెలివొచ్చిందట. తలుపు వైపు చూసి, "మేరీ బీవీ గానా గా రహీ హై, ఆయేగీ," అన్నాడట. నా భార్య పాడుతోంది, వస్తుంది అని.

గోడ మీద గడియారం చూశాను. అయిదు కావస్తోంది.

తిథి చూడటానికి పంతులుకు వేళ కావాలి కదా. ఏడుస్తూనే అడిగాను, పోయిన వేళ కాగితం మీద రాసివ్వమని. ఆ నర్సు ఇంగ్లీషులో రాసి ముద్ర వేసి ఇచ్చింది. మడిచి రవికలో పెట్టుకున్నాను. బయటికి వచ్చేసరికి పెద్దన్న గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. "పొద్దుగాలనే పోయిండట చెల్లె, నీకెట్ల చెప్పాలెనో తెల్వలే," అన్నాడు. రవికలో కాగితం అలాగే ఉంచుకున్నాను.

తర్వాత ఎనిమిది రోజులు పెద్దన్నే తిరిగాడు. కంపెనీ ఆఫీసు, ఎంబసీ, హాస్పిటల్, పెట్టె కట్టేవాళ్ళు. కాగితాలన్నీ అరబ్బీలో. డ్యూటీ నుంచి దిగి, బూట్లకు అంటిన సిమెంటుతోనే ఆఫీసుల్లో నిలబడేవాడు. అటువంటి మనిషికి ఎలా చెప్పను? నువ్వు బతికున్న మనిషిని పోయాడనుకున్నావు అన్నా, నీ వల్ల నేను చివరి చూపు పోగొట్టుకున్నాను అన్నా, అని ఎలా చెప్పను?

ఊరికి పెట్టెతో వెళ్ళాను. పదో రోజు చేయవలసినవన్నీ నాకు చేశారు. వేళ రాసిన కాగితం పంతులుకు చూపించాను. ఆయన తప్ప ఇంకెవరూ అడగలేదు. ఊళ్ళో ఉన్న మా కూతురికి ఇంకా పెళ్ళి కాలేదు, నా వీసా ఇంకా ఉంది. తిరిగి వచ్చి మళ్ళీ అదే పొయ్యి ముందు నిలబడ్డాను.

అప్పటికి మేళం పేరు చెడిపోయింది. బారసాల రోజునే మా ఆయన పోయాడని విల్లా అమ్మకు తెలిసింది. డోలక్ తమ్ముడు ఎక్కడో నోరు జారాడు, పాట మొదలుకాక ముందే పెద్దన్నకు ఫోన్ వచ్చిందని. ఇంకేముంది, విధవ చేత ఉయ్యాల పాట పాడించారని ఫ్లాటు ఫ్లాటుకూ పాకింది. అంతలో ఆ పిల్లకు పది రోజులు జ్వరం తగిలింది. పిలుపులు ఆగిపోయాయి.

శుక్రవారాలు పెద్దన్న మా బిల్డింగు కింద కిరాణా కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని నన్ను కిందికి పిలిచేవాడు. ఛాయ్ తెచ్చి ఇచ్చేవాడు.

"మళ్ళ పాడాలె చెల్లె. బారసాలలు వద్దు, భజనలు పాడుదం. దేవునికి ముత్తైదువేంది, ముండమోపేంది?"

"ఎవరు పిలుస్తరన్నా?"

"ఆ విల్లా తల్లి మనసు కరిగితే అందరు పిలుస్తరు. తప్పు నాది. ఆమె కాళ్ళ మీద వడ్త."

నాకు ఆ చాప కావాలనిపించేది. పక్కన మా ఆయన లేకపోయినా సరే, ఆయన కూర్చున్న చోటు పక్కన కూర్చోవాలనిపించేది. ఆ దేశంలో నాదంటూ ఉన్నది ఆ ఒక్క చోటే. దాన్ని కాపాడే కాగితం నా ట్రంకు పెట్టెలోనే ఉంది. నేను జోల పాడినప్పుడు నా మొగుడు బతికే ఉన్నాడని అందులో రాసి ఉంది. అది చూపిస్తే మేళం మీద మచ్చ పోతుంది. చూపిస్తే పెద్దన్న ఏమైపోతాడు? ఛాయ్ తాగుతూ ఈ రెండూ అనుకునేదాన్ని. ఎనిమిది నెలలు అనుకున్నాను.

ఒక శుక్రవారం నిజంగానే ముగ్గురం ఆ విల్లాకు వెళ్ళాం. కాగితం ఎందుకు వెంట తీసుకుపోయానంటే చెప్పలేను. తీసుకుపోయాను. ఆ అమ్మ గుమ్మంలోనే నిలబడింది.

"అక్కడే ఆగమ్మా, ఏమీ అనుకోకు. నీ మీద నాకు కోపం లేదు. రెండు పోయాక పుట్టింది నా పిల్ల. పది రోజులు ఒళ్ళు కాలిపోయింది. నేనేమనుకోవాలి, నువ్వే చెప్పు?"

పెద్దన్న చేతులు జోడించి మెట్టు మీద కూర్చున్నాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి.

"తప్పు నాది తల్లీ. నాకు ఒంటిగంటన్నరకే ఎరుక. ఈమెకేం తెల్వది. ముండమోసిందని ఎరుకుండి గూడ నీ బిడ్డ ఉయ్యాలకాడ పాడిచ్చిన. ఏ పాపమున్నా నాకే తాకాలె. రోజు మొక్కుకుంటున్న."

ఆ మాట నా చెవిలో పడింది. నా మొగుడు మంచం మీద తలుపు వైపు చూస్తూ ఉన్నప్పుడు నేను ముండమోసి ఉన్నానని ఆయన అంటున్నాడు. ఎనిమిది నెలలు పట్టుకున్నది చేతిలోంచి జారిపోయింది.

"నేను ముండమోసి పాడలే!" అని అరిచాను. "నేను పాడుతుంటే నా మొగుడు బతికున్నడు. పాడుతదీ, వస్తదీ అనుకుంట సూసిండు. సదువుకోర్రి, గీ కాయితం సదువుకోర్రి."

ఆ అమ్మ కాగితం తీసుకుంది. పెదాలు కదుపుతూ చదివింది.

"మూడు ఇరవై... మేం పిల్లను ఉయ్యాలలో వేసింది రెండుంబావుకి. అయితే అప్పటికి..." అని ఆగి, గుండెల మీద చెయ్యి వేసుకుని, "అమ్మయ్య! తండ్రీ, బతికించావు," అంది.

ఆమెను తప్పు పట్టను. పిల్ల తల్లి. ఆమెకు కావలసింది దొరికింది. నా చెయ్యి పట్టుకుంది.

"లోపలికి రామ్మా, టీ తాగి వెళ్ళు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు? పాప మొదటి పుట్టినరోజుకి మీరే పాడాలి, సరేనా? ఎవరైనా అడిగితే నేను చెబుతాను."

నేను వెనక్కి తిరిగి చూశాను. పెద్దన్న మెట్టు మీద అలాగే ఉన్నాడు. జోడించిన చేతులు ఇంకా విడదీయలేదు.

టీ తాగలేదు. పికప్ ఎక్కాం. సిగ్నల్ దగ్గర పెద్దన్న అడిగాడు.

"ఎప్పటికెల్లి ఎరుక నీకు?"

"ఆ రోజుకెల్లే."

"ఎనిమిది నెలలు... నా పక్కన కూసోని ఛాయ్ తాగుకుంట?"

"అన్నీ నువ్వే చేసినవ్ గదన్నా. నోరెట్ల వస్తది?"

"మరి ఇయ్యాల ఎట్ల వచ్చిందే?"

డోలక్ తమ్ముడు, "వదినె కావాలని అన్లేదే పెద్దన్నా," అన్నాడు. "నువ్వు నడుపురా," అన్నాడు పెద్దన్న. అంతే. అల్ మన్సూరాలో నన్ను దింపినప్పుడు తల తిప్పి చూడలేదు.

విల్లా అమ్మ మాట మీద నిలబడింది. పిలుపులు మళ్ళీ వచ్చాయి. ఇంతకు ముందు రాని పెద్ద ఇళ్ళ నుంచి కూడా వచ్చాయి. ఆ పిల్ల పుట్టినరోజుకు కారు పంపుతామన్నారు. పెద్దన్న మాత్రం ఆ తర్వాత హార్మోనియం ముట్టలేదు. క్యాంపులో ఎవరైనా పోతే ఊరికి ఫోన్ చేయమని అడిగితే, నాతో కాదు, వేరేవాళ్ళను చూసుకోండి అన్నాడట. రెండు నెలల్లో వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇంటికి పోయాడు. పోతున్నట్టు నాకు చెప్పలేదు. డోలక్ తమ్ముడు చెప్పాడు.

"మనిద్దరం పోదమా వదినె? డోలక్, నీ పాట. సాలదా?"

"సాలదు తమ్మి."

ఒకసారి పెద్దన్న ఊరి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. ఆయనకు ఒంట్లో బాగోలేదు, తర్వాత చెయ్యమంది. నిజంగా ఒంట్లో బాగోలేదో, నాతో మాట్లాడటం ఇష్టం లేదో, లేక ఇంకేమైనానో. అడిగి తెలుసుకునే ధైర్యం లేక ఫోన్ పెట్టేశాను. మళ్ళీ చేయలేదు.

నేను నిజమే చెప్పాను. దాంతో ఆ తల్లికి నిద్ర పట్టింది, మేళం పేరు నిలబడింది, మేళమే లేకుండా పోయింది. చెబితే నా గుండె మీద బరువు కొంచెమైనా దిగుతుందనుకున్నాను. దిగలేదు. పెద్దన్నకూ అంత బరువు ఎక్కింది, నాది నాకు అలాగే ఉంది.

ఆ దేశంలో ఇంకా రెండేళ్ళు ఉన్నాను. శుక్రవారాలు కూడా పని పెట్టమని మేడమ్‌ను అడిగాను. "సెలవు వద్దా? ఎందుకమ్మా?" అని ఆశ్చర్యపోయింది. ఎక్కడికి పోవాలండీ అన్నాను. ఆమె పప్పు నానబెట్టమంది.